*ఈఎస్ఆర్? అడిగితే 180 అంది, మళ్లీ అడిగితే 0 అంది. లాగర్ పోయినట్టేనా?

దాసరహళ్లి బ్యాచిలర్
శనివారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. పీణ్యలో ఒక చిన్న టెస్ట్ ల్యాబ్‌లో చేస్తున్నా, చేరి ఏడు నెలలు. రాత్రి డ్యూటీ దిగి ఇంకా రూముకి పోలేదు, టిఫిన్ కూడా లేదు, ఇది రాసేసి పోదామని కూర్చున్నా. ఈ గ్రూప్‌లో ఇంగ్లిష్ అక్షరాలు వద్దన్నారు కాబట్టి కమాండ్లు కూడా తెలుగులోనే కొడుతున్నా. నవ్వకండి.

ఒక మోటార్ కంట్రోలర్‌ని చాంబర్‌లో 55 డిగ్రీల దగ్గర పెట్టి రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లోడు మీద నడపాలి. లోపలా బయటా కలిపి 36 థర్మోకపుల్స్ (టెంపరేచర్ కొలిచే వైర్లు) అంటించాం, అన్నీ కే టైపు. ఆ రీడింగులు తీసే డేటా లాగర్ పాతదే. వెనక మూడు స్లాట్లు, రెండింట్లో ఇరవై చానెళ్ల కార్డులున్నాయి, మూడోది ఖాళీ. జీపీఐబీ (ఇన్‌స్ట్రుమెంట్లని కలిపే పాత రకం కేబుల్) నుంచి యూఎస్‌బీ కన్వర్టర్ మీదుగా ల్యాప్‌టాప్‌కి వస్తుంది. పైథాన్ స్క్రిప్టు నిమిషానికోసారి ‘రీడ్?’ పంపి 36 విలువలూ తెచ్చి ఫైల్లో రాస్తుంది. స్క్రిప్టు నేను రాసింది కాదు. నాకు ముందున్న ఆయన వేరే మోడల్ లాగర్ కోసం రాసి, ఉద్యోగం మారిపోయాడు. నేను చానెల్ నంబర్లు మార్చుకుని వాడుతున్నా.

పొద్దున ఆరింటికి వచ్చి చూస్తే లాగర్ డిస్‌ప్లే మీద ఎర్రర్ గుర్తు వెలుగుతోంది. టెన్షన్ వచ్చేసింది. మాన్యువల్ వెతికి చేత్తో ఇవి పంపా:

సిస్టమ్:ఎర్రర్? అంటే -113, ‘అన్‌డిఫైన్డ్ హెడర్’ అంది.
*ఈఎస్ఆర్? (ఏమేం జరిగాయో గుర్తుపెట్టుకునే స్టేటస్ రిజిస్టర్‌ని అడగడం) అంటే 180 అంది.
మళ్లీ *ఈఎస్ఆర్? అంటే 0 అంది.

ఒకే ప్రశ్నకి రెండు జవాబులేంటో అర్థం కాలేదు. ఆఖరికి *సీఎల్ఎస్ (అన్నీ తుడిచేసే కమాండ్) పంపా, గుర్తు ఆరిపోయింది.

సర్వీసు వాళ్లకి ఫోన్ చేస్తే ‘లోపల బోర్డు పోయుంటుంది, పంపించేయండి’ అన్నారు. పంపితే మూడు వారాలు. మేనేజర్‌కి సోమవారం పొద్దున్నే రిపోర్టు కావాలి. డేటా మాత్రం 480 వరుసలూ వచ్చింది, ఒక్కటి కూడా మిస్ కాలేదు. పైగా 2:41 తర్వాత టెంపరేచర్లు బాగా స్టేబుల్ అయ్యాయి, గ్రాఫ్ స్కేలు పెట్టి గీసినట్టుంది. ఈ డేటా ఇచ్చేయొచ్చా? లాగర్‌ని పంపాలా?


హెచ్ఎస్ఆర్ కుర్రాడు
శనివారం, ఉదయం 9:30

ఆఫ్ చేసి ఆన్ చేశావా బ్రో?


జాలహళ్లి తాత
శనివారం, ఉదయం 10:05

పై కుర్రాడు ఎగతాళికి అన్నాడో నిజంగా అన్నాడో గానీ, కేసు మాత్రం అదే. ఆ పని రాత్రే జరిగింది. చేసింది నువ్వు కాదు.

బాబూ, ముందు వెళ్లి టిఫిన్ చెయ్యి. లాగర్‌కి ఏమీ కాలేదు. బోర్డు పోయిన లాగర్ ఇంత ఒద్దికగా జవాబులు చెప్పదు.

180ని విడగొట్టు. 128, 32, 16, 4. ఇంకో రకంగా విడగొట్టడానికి లేదు, చిల్లర లెక్కలాంటిదే ఇది. ఆ రిజిస్టర్‌లో ఎనిమిది బిట్లు, ఒక్కో బిట్‌కి ఒక్కో అర్థం. 32 అంటే నువ్వు పంపిన కమాండ్ దానికి అర్థం కాలేదు. 16 అంటే అర్థమైంది గానీ అమలు చేయలేకపోయింది. 4 అంటే ప్రశ్నకీ జవాబుకీ పొంతన తప్పింది, అంటే అడక్కుండా చదవబోయావు, లేదా అడిగి చదవకుండా ఇంకోటి అడిగావు. నీకు లేని 8 ఒకటుంది, అది ఇన్‌స్ట్రుమెంట్ సొంత జబ్బులకి. నీ సర్వీసు వాళ్లు చెప్పినట్టు లోపల ఏదైనా పోయుంటే సాధారణంగా లేవాల్సింది అదే. అది లేవలేదు చూడు.

ఇక 128. అది ‘పవర్ ఆన్’. క్రితంసారి ఆ రిజిస్టర్‌ని చదివాకో తుడిచాకో ఇన్‌స్ట్రుమెంట్‌కి ఒకసారి కరెంటు పోయి వచ్చిందని దానర్థం.

రెండోసారి 0 ఎందుకొచ్చిందంటే, అది గొళ్లెం లాంటి రిజిస్టర్. సంఘటన జరిగితే గొళ్లెం పడుతుంది, కారణం పోయినా పడే ఉంటుంది. నువ్వు చదవడమే దాన్ని తీయడం. కాబట్టి మొదటి జవాబే నిజం. దాన్ని కాగితం మీద రాసుకోవాలి. నువ్వు గుర్తుపెట్టుకుని ఇక్కడ రాశావు, చాలామంది అది కూడా చేయరు. కానీ *సీఎల్ఎస్ కొట్టావే, దొంగతనం జరిగిన ఇల్లు పోలీసులు రాకముందే ఊడ్చి తడిగుడ్డ పెట్టినట్టైంది. లాగర్ తన ఎర్రర్లని వరసగా దాచుకునే క్యూ మొత్తం పోయింది. -113 ఒక్కటే చదివావు, దాని వెనక ఎన్ని నిలబడి ఉన్నాయో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

రెండు ప్రశ్నలు. ఒకటి, స్క్రిప్టు మొదలయ్యేటప్పుడు *సీఎల్ఎస్ పంపుతుందా? పంపకపోతే ఆ 128 సాయంత్రం నువ్వు స్విచ్ వేసినప్పటిదే కావచ్చు, దానికి విలువ లేదు. రెండు, లాగర్ ప్లగ్ ఎక్కడుంది?

కుర్రవాళ్లకి తెలియదని ఒక మాట. నేను ఉద్యోగంలో చేరింది 1984లో. అప్పటికి ఉన్నది 1975 నాటి ఐఈఈఈ 488, అంటే నీ జీపీఐబీకి స్టాండర్డ్. అది కేబుల్ ఎలా ఉండాలో, బైట్లు ఎలా చేతులు మారాలో చెప్పింది, అంతే. ఏ మాట అంటే ఏ అర్థమో చెప్పలేదు. ఒక మీటర్‌కి తప్పు జరిగితే ‘ఈ’ అనే అక్షరం వచ్చేది, పక్కదానికి ఒక అంకె వచ్చేది, మూడోది ఏమీ అనకుండా ఊరుకునేది. 1987లో 488.2 వచ్చాక ఈ నక్షత్రం గుర్తు కమాండ్లూ ఈ ఎనిమిది బిట్లూ అందరికీ ఒకటయ్యాయి. 1990లో స్కిపీ అనే కమాండ్ల స్టాండర్డ్ వచ్చి ఎర్రర్ నంబర్లకి కూడా ఒక వరస పెట్టింది: -100లు కమాండ్ తప్పులు, -200లు అమలు తప్పులు, -300లు ఇన్‌స్ట్రుమెంట్‌వి, -400లు ప్రశ్న తప్పులు. నీ లాగర్ ఏ కంపెనీదో నువ్వు చెప్పలేదు, అయినా జాలహళ్లిలో ఇంట్లో కూర్చుని 180 చదవగలిగానంటే అందుకే.


బొమ్మసంద్ర అక్క
శనివారం, ఉదయం 10:40

సార్ రిజిస్టర్ చూశారు, నేను గ్రాఫ్ దగ్గర ఆగిపోయా.

తమ్ముడూ, 2:41 తర్వాత ‘స్కేలు పెట్టి గీసినట్టు’ అన్నావు కదా. ఆ ఫైల్ తెరిచి 2:41 వరుసా, 2:42 వరుసా పక్కపక్కన పెట్టి దశాంశాలతో సహా చూడు. కే టైపు థర్మోకపుల్ బతికున్నంతసేపూ ఎంతోకొంత కదులుతూనే ఉంటుంది. చాంబర్ ఫ్యాన్ తిరుగుతుంటే ఇంకానూ. 36 చానెళ్లూ చివరి అంకె దాకా కదలకుండా మూడు గంటలు కూర్చున్నాయంటే అది టెంపరేచర్ కాదు, ఫొటో.

నేను బ్యాటరీ ప్యాక్‌లు టెస్ట్ చేస్తా. మాకు దీనికి తిరగేసిన కథ జరిగింది. ఒక థర్మోకపుల్ టేపు ఊడి తెగితే లాగర్ నిజాయితీగా 9.9ఈ+37 పంపింది. స్కిపీలో అనంతానికి పెట్టుకున్న అంకె అది, ‘కొలవలేకపోయాను’ అని దాని భాష. మా ఎక్సెల్ షీట్ దాన్ని కూడా డిగ్రీలనుకుని సగటులో కలిపేసింది. ప్యాక్ సగటు టెంపరేచర్ సూర్యుడిని దాటిపోయింది. అందరం నవ్వుకున్నాం, కానీ నిజానికి అదే మంచిది. అంత పెద్ద అంకె వస్తే ఎవరైనా పట్టుకుంటారు. 61.3 వస్తే ఎవరు పట్టుకుంటారు?


దాసరహళ్లి బ్యాచిలర్
శనివారం, మధ్యాహ్నం 12:20

అక్కా, మీ కామెంట్ చదివాక తిన్న ఇడ్లీ అరగలేదు.

2:41 వరుసలో చానెల్ 101 విలువ 61.284. 2:42లో 61.284. 6 గంటలకీ 61.284. మిగతా 35 చానెళ్లూ అంతే. లెక్కపెట్టా, 199 వరుసలు ఒకే వరుస.

స్క్రిప్టు లోపల చూశా. ‘రీడ్?’ పంపి జవాబు కోసం ముప్పై సెకన్లు ఆగుతుంది. రాకపోతే ఎర్రర్‌ని పట్టుకుంటుంది, పట్టుకుని క్రితంసారి విలువల్నే మళ్లీ రాసి ముందుకు పోతుంది. పక్కన కామెంట్ కూడా పెట్టాడు మహానుభావుడు, ‘గ్రాఫ్‌లో గ్యాప్ రాకుండా’ అని.

తాతగారూ, మీ మొదటి ప్రశ్నకి: స్క్రిప్టు మొదట్లో *ఆర్ఎస్‌టీ (రీసెట్ కమాండ్), వెంటనే *సీఎల్ఎస్ ఉన్నాయి. తర్వాత మధ్యలో ఎక్కడా లేవు.

రెండో ప్రశ్నకి గేటు దగ్గరికి వెళ్లి సెక్యూరిటీ ఆయన్ని అడిగా. ‘హౌదు సార్, ఒందు నిమిష కరెంట్ హోగిత్తు, ఆమేలే జనరేటర్ బంతు’ అన్నాడు, అంటే ఒక నిమిషం కరెంటు పోయింది, తర్వాత జనరేటర్ వచ్చింది అని. టైమ్ గుర్తులేదుగానీ రెండున్నర దాటాకే అంటున్నాడు. చాంబర్ యూపీఎస్ మీద ఉంది. ల్యాప్‌టాప్‌కి దాని బ్యాటరీ ఉంది. లాగర్ మాత్రం మామూలు గోడ సాకెట్‌కి పెట్టి ఉంది. యూపీఎస్ సాకెట్ ఎందుకు ఖాళీ లేదో చూస్తే, అందులో రాత్రి డ్యూటీ వాళ్ల టీ కెటిల్ ఉంది. ఆ కెటిల్‌లో నేనూ టీ పెట్టుకుంటా, కాబట్టి ఎవర్నీ అనలేను.

లాగర్ పంపక్కర్లేదని అర్థమైంది. కానీ ఒకటి అర్థం కాలేదు. కరెంటు వచ్చాక లాగర్ ఆన్ అయింది కదా, స్క్రిప్టు అడుగుతూనే ఉంది కదా, మళ్లీ ఎందుకు చెప్పలేదు? ఆ -113 ఎక్కడిది?


జాలహళ్లి తాత
శనివారం, మధ్యాహ్నం 1:15

భేష్. సగం పని చేసేశావు. ఆ ‘గ్యాప్ రాకుండా’ కామెంట్ రాసినవాడు నాకు దొరికితే ఒక పూట ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడతా. గ్యాప్ వస్తే రానీ. గ్యాప్ కూడా డేటానే.

ఇప్పుడు జరిగింది వరసగా చెప్తా.

సాయంత్రం *సీఎల్ఎస్‌తో రిజిస్టర్, క్యూ రెండూ ఖాళీ. స్క్రిప్టు వేరే మోడల్ కోసం రాసిందన్నావు కదా, నిమిషానికోసారి తిరిగే భాగంలో నీ లాగర్‌కి తెలియని కమాండ్ ఒకటి ఉండి తీరాలి. డిస్‌ప్లే ఆపేదో, దాని మీద ఏదో రాసేదో చూడు. లాగర్ దాన్ని విని -113 అని క్యూలో వేసి ఊరుకుంటుంది. తర్వాతి ‘రీడ్?’ మామూలుగానే పనిచేస్తుంది, కాబట్టి నీకు తేడా తెలియదు. క్యూలో పట్టేవి ఏ పదో ఇరవయ్యో, మోడల్‌ని బట్టి. పదిన్నర దాటేసరికి నిండిపోయి ఉంటుంది. నిండితే చివరిది చెరిపి అక్కడ -350, ‘క్యూ ఓవర్‌ఫ్లో’ అని పెట్టుకుంటుంది. ఆ తర్వాత నిజంగా కొంప మునిగినా రాసుకోవడానికి దానికి చోటుండదు. అంటే నువ్వు ఏడు నెలలుగా పనికిమాలిన ఫిర్యాదులతో ఫిర్యాదుల పెట్టె నింపేసి, అసలు ఫిర్యాదుకి చోటు లేకుండా చేస్తున్నావన్నమాట.

2:41కి కరెంటు పోయింది. మామూలుగా పవర్ పోతే క్యూ ఖాళీ అవుతుంది. లేచేటప్పుడు 128 పడింది. లాగర్ ఫ్యాక్టరీ సెట్టింగులతో లేచింది, అంటే స్కాన్ లిస్ట్ (ఏ చానెళ్లు చదవాలనే జాబితా) ఖాళీ. కొన్ని మోడళ్లలో కరెంటు పోయినప్పటి సెట్టింగులే తిరిగొచ్చేలా పెట్టుకోవచ్చు, మీది అలా పెట్టినట్టు లేదు. స్క్రిప్టుకి ఇవేమీ తెలియదు. తెలియని కమాండ్ పంపింది: -113, 32 పడింది. ‘రీడ్?’ పంపింది: ఏ చానెల్ చదవాలో లాగర్‌కి తెలియదు, అమలు కాలేదు, 16 పడింది. జవాబు కోసం చేయి చాచింది: ఇవ్వడానికి లాగర్ దగ్గర ఏమీ లేదు, అది -420, 4 పడింది. 128, 32, 16, 4. నీ 180 మొత్తం తీరింది.

నువ్వు క్యూ మొత్తం చదివి ఉంటే ఈ మూడూ అదే వరసలో మళ్లీ మళ్లీ కనిపించేవి. క్యూలో ముందు వచ్చింది ముందు బయటికి వస్తుంది కాబట్టి నీకు -113 దొరికింది. దాన్ని చూసి అదే జబ్బనుకున్నావు. అది పాత దగ్గు.

ఇంకోటి. *ఈఎస్ఆర్? చదివితే రిజిస్టర్ మాత్రమే ఖాళీ అవుతుంది, క్యూ కాదు. సిస్టమ్:ఎర్రర్? ఒకసారి చదివితే క్యూలోంచి ఒక్కటే పోతుంది, రిజిస్టర్ అలాగే ఉంటుంది. *సీఎల్ఎస్ రెండింటినీ తుడిచేస్తుంది. *ఆర్ఎస్‌టీ రెండింటినీ ముట్టదు. స్క్రిప్టు రాసినాయన *ఆర్ఎస్‌టీ తర్వాత *సీఎల్ఎస్ పెట్టాడు చూడు, ఆ ఒక్కటి మాత్రం సరిగ్గా చేశాడు.


హెచ్ఎస్ఆర్ కుర్రాడు
శనివారం, మధ్యాహ్నం 2:02

జోక్ చేసినవాణ్ని నేనే, ఇప్పుడు సీరియస్ డౌట్. ప్రతి కమాండ్ తర్వాతా ఎర్రర్ అడిగితే స్లో అయిపోదా? మా దగ్గర మిల్లీసెకన్లు లెక్క. నేను *ఎస్‌టీబీ? (అన్నిటి సారాంశం చెప్పే స్టేటస్ బైట్) ఒక్కటే చదివి, 4 విలువ గల బిట్ లేస్తేనే ఎర్రర్ అడుగుతా.


జాలహళ్లి తాత
శనివారం, మధ్యాహ్నం 2:45

మంచి పద్ధతే. కానీ ఆ 4 బిట్ క్యూకి అని చెప్పింది స్కిపీ. పాత మోడళ్లలో కొన్ని ఆ బిట్‌ని ఖాళీగా వదిలేశాయి. మాన్యువల్‌లో స్టేటస్ బైట్ బొమ్మ చూడకుండా దాన్ని నమ్ముకోవద్దు. అక్కడ అది ఎప్పటికీ లేవదు, నువ్వు అంతా క్షేమమే అనుకుంటూ ఉంటావు.

ఈ అబ్బాయి అడిగేది నిమిషానికోసారి. ఇతనికి వేగం గొడవే లేదు. ఒక్కో స్కాన్ అయ్యాక ఒక *ఈఎస్ఆర్?, అది సున్నా కాకపోతే సిస్టమ్:ఎర్రర్? సున్నా వచ్చేదాకా మళ్లీ మళ్లీ. ప్రతి కమాండ్ వెనకా అడగడం స్క్రిప్టు రాసుకునే రోజుల్లో మంచిది, ఏ లైను తప్పో అక్కడికక్కడే దొరుకుతుంది. తర్వాత తీసేయొచ్చు.

నువ్వు లాగర్‌తో మాట్లాడేది నెట్‌వర్క్ సాకెట్ మీదనా?


హెచ్ఎస్ఆర్ కుర్రాడు
శనివారం, మధ్యాహ్నం 2:51

అవును సార్, 5025 పోర్ట్.


జాలహళ్లి తాత
శనివారం, మధ్యాహ్నం 3:10

అయితే నీకు సీరియల్ పోల్ లేదు. జీపీఐబీలో స్టేటస్ బైట్‌ని రెండు దారుల్లో తెచ్చుకోవచ్చు. *ఎస్‌టీబీ? మామూలు ప్రశ్న, మిగతా కమాండ్ల వెనకే వరసలో నిలబడాలి. లాగర్ ఏదో పనిలో ఇరుక్కుంటే దీని వంతు రాదు. సీరియల్ పోల్ అలా కాదు, వరసతో పనిలేకుండా బస్ మీదే వెళ్లి బైట్ తెచ్చుకుంటుంది. లోపల ఆపరేషన్ జరుగుతున్నప్పుడు థియేటర్ తలుపు మీద దీపం చూసినట్టు. ఉత్త సాకెట్‌లో ఆ దీపం లేదు. యూఎస్‌బీ కొలత పరికరాల ప్రోటోకాల్‌లో ఉంది, నెట్‌వర్క్ మీద నడిచే వీఎక్స్ఐ-11 ప్రోటోకాల్‌లోనూ ఉంది. నీ పని ఎలాగూ సాగుతోంది కాబట్టి మార్చమనను. కానీ టైమవుట్ వచ్చిందంటే ఆ సాకెట్‌ని మూసి మళ్లీ తెరువు. లేకపోతే ఆలస్యంగా వచ్చిన జవాబు తర్వాతి ప్రశ్నకి అంటుకుంటుంది. అక్కడి నుంచి ప్రతి జవాబూ ఒక ప్రశ్న వెనకబడే ఉంటుంది. జీపీఐబీ వాళ్లయితే డివైస్ క్లియర్ కొట్టాలి. అది బఫర్లు ఖాళీ చేస్తుంది, రిజిస్టర్ల జోలికి పోదు.


బొమ్మసంద్ర అక్క
శనివారం, సాయంత్రం 6:30

షిఫ్ట్ అయింది, బస్సులో ఉన్నా, తమ్ముడి కోసం ఇంకొక్కటి.

*ఈఎస్ఆర్? నీ మాటల తప్పుల్ని చెప్తుంది, కొలత తప్పుల్ని చెప్పదు. థర్మోకపుల్ తెగినా, రేంజ్ దాటినా ఆ రిజిస్టర్ సున్నాగానే ఉండొచ్చు. అవి క్వశ్చనబుల్ అనే వేరే రిజిస్టర్‌లోకి పోతాయి. అక్కడ మళ్లీ రెండు రకాలు. కండిషన్ అంటే కిటికీలోంచి చూడటం, ఈ క్షణం ఎలా ఉందో అదే. ఈవెంట్ అంటే సార్ చెప్పిన గొళ్లెం. మాకు చాంబర్ వైబ్రేషన్‌కి ఒక వైరు రాత్రంతా తగులుతూ, ఊడుతూ ఉండేది. పొద్దున కండిషన్ చూస్తే సున్నా, వైరు తగిలే ఉంది. ఈవెంట్ చూస్తే బిట్ పడి ఉంది. రెండు వారాలు కండిషన్ చదువుతూ ‘ఏమీ లేదు, ఏమీ లేదు’ అని రాసుకున్నది నేనే.

కొన్ని లాగర్లలో ఓపెన్ థర్మోకపుల్ చెక్ అని ఉంటుంది. రీడింగ్ తీసిన ప్రతిసారీ ఆ చానెల్ రెసిస్టెన్స్ కూడా చూసుకుని, మరీ ఎక్కువుంటే వైరు తెగిందని 9.9ఈ+37 పంపుతుంది. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, స్కాన్ కొంచెం నెమ్మదిస్తుందని ఎవరూ ఆన్ చేయరు. నీది నిమిషానికి ఒక స్కాన్. ఆన్ చేసుకో.


దాసరహళ్లి బ్యాచిలర్
ఆదివారం, మధ్యాహ్నం 3:40

నిద్రపోయి వచ్చా. మేనేజర్‌కి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పా. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘కస్టమర్‌కి పంపలేదు కదా’ అన్నాడు. లేదన్నా. ‘అయితే ఈ రాత్రికి మళ్లీ పెట్టు’ అన్నాడు. అంతే.

తాతగారు చెప్పిన తెలియని కమాండ్ దొరికింది. అచ్చంగా డిస్‌ప్లే మీద పేరు రాసే లైనే, మా మోడల్‌లో దాని స్పెల్లింగ్ వేరు. తీసేశా. ‘గ్యాప్ రాకుండా’ భాగం కూడా తీసేశా, ఇప్పుడు జవాబు రాకపోతే ఆ వరుస ఖాళీగా పోతుంది. ఓపెన్ చెక్ ఆన్ చేశా అక్కా. ఒక చానెల్, 214, వెంటనే 9.9ఈ+37 అంది. టేపు తీసి చూస్తే వైరు ఒకటి పాచిపోయిన దారంలా ఉంది, పట్టుకుంటే చేతిలోకి వచ్చింది. ఎన్నాళ్ల నుంచి అలా ఉందో.

ఇప్పుడు కొత్త చిక్కు. హెచ్ఎస్ఆర్ బ్రో చెప్పినట్టు స్టేటస్ బైట్‌తో చేద్దామని మాన్యువల్ చదివి *ఈఎస్ఈ 188 పెట్టా. 128, 32, 16, 8, 4 కలిపితే 188 కదా. వీటిలో ఏది పడ్డా స్టేటస్ బైట్‌లో 32 లేవాలి. తప్పు కమాండ్ పంపి చూశా, లేచింది. బాగుందని లాగర్ ప్లగ్ పీకి మళ్లీ పెట్టా. *ఎస్‌టీబీ? అంటే 0. కానీ *ఈఎస్ఆర్? అంటే 128 వస్తోంది. 188లో 128 ఉంది కదా, ఎందుకు లేవలేదు?


జాలహళ్లి తాత
ఆదివారం, సాయంత్రం 4:25

ప్లగ్ పీకి చూశావు చూడు, దానికి నీకు మసాలా దోసె బాకీ.

188 అనేది జల్లెడ. ఏ బిట్లు పైకి పోవాలో చెప్తుంది. కానీ మామూలుగా ఇన్‌స్ట్రుమెంట్‌కి పవర్ వచ్చినప్పుడు ఆ జల్లెడ కూడా సున్నా అయిపోతుంది. కరెంటు పోయిందని చెప్పాల్సిన కాపలావాడు కరెంటుతో పాటే నిద్రపోయాడన్నమాట. దానికే *పీఎస్‌సీ ఉంది. *పీఎస్‌సీ 0 పంపి, ఆ తర్వాత *ఈఎస్ఈ 188 పెట్టు. అప్పుడు కరెంటు పోయినా జల్లెడ గుర్తుంటుంది, లేస్తూనే 32 బిట్ కూడా లేస్తుంది. సర్వీస్ రిక్వెస్ట్ (లాగరే తనంతట తాను పిలవడం) వాడాలంటే *ఎస్ఆర్ఈ కూడా ఇలాగే. ఇవి స్క్రిప్టు మొదట్లో ఒక్కసారి చాలు, నిమిషానికోసారి తిరిగే భాగంలో పెట్టొద్దు, ఆ విలువలు లోపల పర్మనెంట్ మెమరీలోకి పోతాయి.

అయినా నువ్వు నేరుగా *ఈఎస్ఆర్? చదవడమే మేలని నా ఉద్దేశం. దానికి జల్లెడ అక్కర్లేదు, చూశావుగా, 128 ఎలాగైనా చెప్పింది. స్టేటస్ బైట్ పదిమంది కబుర్లు ఒక్క చూపులో కావాలనుకునేవాళ్లకి. నీకున్నది ఒక్క లాగర్.

128 కనిపిస్తే స్క్రిప్టు ఏం చేస్తుంది? అది రాశావా?


దాసరహళ్లి బ్యాచిలర్
సోమవారం, తెల్లవారుజామున 1:08

రాశా సార్. స్కాన్ అయ్యాక *ఈఎస్ఆర్? చదువుతుంది. 128 ఉంటే టైమ్ రాసి, క్యూ మొత్తం ఖాళీ అయ్యేదాకా చదివి పక్క ఫైల్లో వేసి, చానెళ్ల సెట్టింగు మళ్లీ పంపి, అప్పుడు కొనసాగుతుంది. రిపోర్టులో ఆ నిమిషం దగ్గర గీత తెగి ఉంటుంది, కింద కారణం ఉంటుంది. *పీఎస్‌సీ 0 కూడా పెట్టి చూశా, ప్లగ్ పీకితే ఈసారి 32 లేచింది. కానీ మీరన్నట్టు స్క్రిప్టులో నేరుగా *ఈఎస్ఆర్? మాత్రమే ఉంచా. పీకి పెట్టడం మొత్తం నాలుగుసార్లు చేశా, నాలుగుసార్లూ రాసుకుంది.

టెస్ట్ రాత్రి 10కి మొదలైంది, ఇప్పటికి 188 వరుసలు. నా జల్లెడ నంబరే, భలే కుదిరింది. అన్నిటి పక్కనా 0. పక్క ఫైల్ ఖాళీ. కొత్త వైరుతో 214 మిగతావాటితో పాటే పాకుతోంది, చివరి అంకె ఒక్కచోట నిలవట్లేదు.

లాగర్ ఇప్పుడు యూపీఎస్ సాకెట్‌లో ఉంది. కెటిల్ గోడ సాకెట్‌లో ఉంది, టీ పెట్టుకుంటున్నా.


హెచ్ఎస్ఆర్ కుర్రాడు
సోమవారం, తెల్లవారుజామున 1:15

కరెంటు పోతే టీ పోతుంది బ్రో.


దాసరహళ్లి బ్యాచిలర్
సోమవారం, తెల్లవారుజామున 1:17

పోనీ.